పక్క సీటు

శావల్యాపురం,
నవంబరు 9.

లహరీ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే చూసిన గుర్తు పడటం లేదు. ఇంటర్ హాస్టల్లో ఫోన్లు లాక్కునే రోజుల్లో మనం ఉత్తరాలు రాసుకునేవాళ్లం కదా. నువ్వు నాకు పంపిన పాత పార్సిల్ మీద నీ బెంగళూరు అడ్రసు ఉంటే చూసి రాస్తున్నాను.

నాయనమ్మ పెద్దకర్మకి నేనూ అమ్మీ వచ్చాము. మీ నాన్న గేటు దగ్గరికి వచ్చి, "మీరు ఇప్పుడు రావొద్దమ్మా, చుట్టాలు ఉన్నారు, బాగోదు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. నువ్వు వరండాలో నిలబడి ఉన్నావు. నీ కుడిచేతికి కట్టు ఉంది. నన్ను చూశావు, లోపలికి వెళ్లావు. ఇప్పుడు ఎలా ఉంది చెయ్యి?

నేను కూడా ఆమెను నాయనమ్మ అనే పిలిచాను. మా ఇంట్లో మొదట బడికి పోయినదాన్ని నేను. నా చదువు మొదట పనికొచ్చింది ఆమె మందు సీసాల మీది పేర్లు చదవడానికే. "గఫారు కూతురు చదివితే గానీ నేను మింగను" అని అందరి ముందూ అనేది. ఆ మాటకి మా అబ్బా పొంగిపోయేవాడు.

అబ్బా మంచంలో ఉన్నాడు. యాక్సిడెంటులో విరిగిన మోకాలిలో ప్లేటు వేశారు. బెయిలు వచ్చింది గానీ మాట రాలేదు. పోలీసులు ఏం అడిగినా, "నా తప్పే" అన్నాడట. నిద్రపోతూ నడిపాడని కొందరు, కాళ్లు మడుచుకుని కూర్చుని నడిపాడని కొందరు ఊళ్లో చెప్పుకుంటున్నారు. మీ పొలంలో ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టరు నడిపి ఒక గట్టు కూడా తెంచని మనిషి.

ఒంగోలు పెళ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో మీరు ముగ్గురే. నడుపుతూ అబ్బా, వెనక నాయనమ్మ, ముందు పక్క సీట్లో నువ్వు. నాయనమ్మ లేదు. అబ్బా చెప్పడు. ఇక నువ్వే చెప్పాలి లహరీ. ఏం జరిగింది? కేసు రుజువైతే అబ్బాకి జైలు పడుతుందని, లైసెన్సు కూడా పోతుందని మా వకీలు అలీ సాహెబ్ అంటున్నారు. స్టీరింగు తప్ప వేరే పని తెలియని మనిషి ఆయన.

జవాబు నేను పనిచేసే కార్ల షోరూం అడ్రసుకి రాయి. ఈ ఇల్లు ఖాళీ చేసేలా ఉన్నాము.

నీ సాదియా.


బెంగళూరు,
డిసెంబరు 2.

సాదియా,

నీ ఉత్తరం చూసి చానాసేపు ఏడ్చాను. గేటు దగ్గర నిన్ను పలకరించలేకపోయినందుకు ఏమీ అనుకోకు. కేసు గురించి ఫోన్లో, వాట్సాప్‌లో ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడొద్దని నాన్న ఒట్టు పెట్టించుకున్నారు. ఉత్తరం సంగతి ఆయనకు తెలియదు.

నాకు నిజంగా ఏమీ గుర్తు లేదు. పెళ్లిలో రెండు రోజులు నిద్ర లేదు కదా, కారెక్కగానే నిద్రపోయాను. పెద్ద శబ్దానికి మెలకువ వచ్చింది. అప్పటికే ముందు పోతున్న ట్రాక్టరు ట్రక్కు మా మీద ఉంది. తెల్లటి పత్తి అంతా అద్దం మీద, వానలో తడిసి ముద్దలు ముద్దలుగా. వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ సీట్లో లేదు, కింద ఉంది. బెల్టు పెట్టుకోమంటే "నన్ను కట్టేస్తారా ఏందే" అని నవ్వింది, అదే చివరి నవ్వు. పోలీసులకూ ఇదే చెప్పాను.

గఫార్ బాబాయ్ కాలు సీటు మీద మడుచుకుని ఉన్నాడు. అది మాత్రం చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నాన్నకీ లేదు. వెనక లైటు లేకుండా పత్తి బస్తాలు వేసుకుని హైవే ఎక్కినవాడిదే అసలు తప్పు. ఖర్మ, అంతే.

బాబాయ్‌ని బాగా చూసుకో. నీ ఉద్యోగం ఎలా ఉంది? ఇంకా అందరికీ కారు పాఠాలు చెబుతున్నావా, ఏమే పంతులమ్మా?

నీ లహరి.


నరసరావుపేట,
జనవరి 11.

లహరీ,

మేము నరసరావుపేట వచ్చేశాము. ఒకటే గది. అమ్మీ ఇక్కడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతోంది. అబ్బా గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒకటి అడగాలని ఉంది. దానికి ముందు మీ కారు డెలివరీ రోజు గుర్తు చేస్తాను.

మీ నాన్న రాహుకాలం వచ్చేస్తుందని తొందరపెడుతున్నారు. నువ్వు డ్రైవింగు సీట్లో, నేను పక్క సీట్లో. క్రూయిజ్ కంట్రోల్ దగ్గరికి వచ్చాను. ఈ బటన్ నొక్కితే యాక్సిలేటర్ తొక్కకుండానే బండి ఒకే వేగంతో పోతుంది, తడి రోడ్డు మీద మాత్రం వాడకూడదు, కాలు బ్రేకు దగ్గరే ఉంచాలి అని చెబుతుంటే, "తెలుసులేవే, మా ఆఫీసు క్యాబ్‌లో రోజూ చూస్తాను" అని ఫోన్‌తో నన్ను వీడియో తీశావు. అబ్బా అప్పుడు బయట ఉన్నాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతున్నాడు. నడిపే మనిషి బయట, నడపని మనిషి లోపల. బండి కొన్న ఇంటివాళ్లకే చెప్పాలన్నది మా షోరూం పద్ధతి.

ఆ సాయంత్రం ఇంట్లో నేను చెప్పబోతే అబ్బా, "లహరమ్మ అంతా చూపిచ్చింది లేమ్మా. మన ట్రాక్టరు చేతి లివరు లాంటిదే అంట" అన్నాడు. నేను కాదని చెప్పేలోపే మీ నాన్న ఫోన్ వచ్చింది, వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడు ఎత్తినా, "చానా తేలికమ్మా అది" అని నవ్వేవాడు.

నీకు తెలుసు కదా, దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరుకి చేతి లివరు ఒకచోట పెడితే ఇంజను అదే వేగంతో పోతూ ఉంటుంది. అబ్బా కుడికాలు సీటు మీదికి మడుచుకుంటాడు. ఆపాలంటే ఎడమకాలితో క్లచ్ తొక్కుతాడు. చాలును బట్టి పోవడమే, ఎదురుగా ఎవరూ రారు. పల్నాట్లో ట్రాక్టరు డ్రైవర్లందరికీ అదే అలవాటు. మీ కారుకి క్లచ్చే లేదు.

ఇప్పుడు నేను షోరూంలో డ్రైవరుని కూడా లోపలికి పిలిచి కూర్చోబెడుతున్నాను. మొన్న ఒక మాచర్ల ఆసామి గొడవ చేశాడు. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "డబ్బు కట్టినాయన ఎండలో, డ్రైవరు ఏసీలో. ఏందమ్మా ఇది?" అన్నాడు.

ఇక నా ప్రశ్న. నిద్రలో ఉన్నదానివి, గుద్దిన తర్వాత లేచినదానివి, కాలు మడుచుకోవడం ఎప్పుడు చూశావు? ముందు అద్దం పగిలి, ఎయిర్‌బ్యాగుల గుడ్డ సంచులు ఉబ్బి, అబ్బా స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయాక ఎవరి కాలు ఎక్కడుందో కనపడుతుందా?

నిన్ను పట్టుకోవాలని అడగడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సాదియా.


బెంగళూరు,
ఫిబ్రవరి 16.

సాదియా,

నువ్వు పోలీసువా, వకీలువా? పోయింది మా నాయనమ్మ. మీ ఇంట్లో మనిషి గోడ పట్టుకుని అయినా నడుస్తున్నాడు.

బెంగళూరు వచ్చిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. వాన పడితే క్యాబ్ ఎక్కలేను. అవన్నీ నీకు రాయలేదు, ఎందుకంటే నీ బాధ నీకు ఉందని అనుకున్నాను. నువ్వు మాత్రం కాలు ఎప్పుడు చూశావు, చెయ్యి ఎక్కడుంది అని లెక్కలు తీస్తున్నావు. లేస్తూనే చూశానో, తర్వాత ఎవరైనా చెబితే చూశాననుకున్నానో నాకు తెలియదు. అలాంటప్పుడు మనిషికి ఏం తెలుస్తుంది?

ట్రాక్టరు లివరు లాంటిదని చెప్పాను, నిజమే. అర్థమయ్యేలా చెప్పాలి కదా ఆయనకి. నువ్వు చెప్పే ఇంగ్లీషు మాటలు ఆయనకు అర్థమయ్యేవా?

వాంగ్మూలం ఇచ్చేశాను. ఇప్పుడు మార్చి చెబితే ముందు అబద్ధం చెప్పినందుకు నా మీద కేసు పెడతారని నాన్న అంటున్నారు. ఇంట్లో నాకు సంబంధం మాట్లాడుతున్నారు. కోర్టులో నా పేరు పిలిస్తే ఆ సంగతి రెండో రోజుకి చుట్టాలందరికీ చేరుతుంది. నీకు హాస్టల్లో సీటు ఇప్పించింది ఎవరో, బాబాయ్‌కి ఒంట్లో బాగోనప్పుడల్లా గుంటూరు తీసుకుపోయింది ఎవరో కాస్త గుర్తు తెచ్చుకో.

ఇక ఈ విషయం రాయకు. వేరేవి ఏమైనా ఉంటే రాయి.

లహరి.


నరసరావుపేట,
ఏప్రిల్ 6.

లహరీ,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అబ్బా మాట్లాడాడు.

రంజాను పండగ అయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మీ తొడిమలు తీసిన చేతులు మంటపుట్టి కొబ్బరినూనె రాసుకుంటూ, "నిద్రపోయినావా లేదా, నాకైనా చెప్పు. నలుగురిలో పనిచేసేదాన్ని" అంది. అబ్బా ఆమె చేతుల వంక చూసి, చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తప్పుంటే నువ్వు దిద్దు.

ఒంగోలు దాటగానే నువ్వే క్రూయిజ్ తొంభై మీద పెట్టావు. "బాబాయ్, మోకాలు నొప్పి అంటావుగా, కాలు పైకి పెట్టుకో, దానంతటది పోద్ది" అన్నావు. ఆయన పెట్టుకున్నాడు. హాయిగా ఉందట. గొర్రెలు అడ్డం వచ్చినప్పుడు బ్రేకు తొక్కాడు, క్రూయిజ్ పోయింది. ఆయన మళ్లీ యాక్సిలేటర్ తొక్కబోతే నువ్వు పక్క నుంచి చెయ్యి చాపి స్టీరింగు మీద ఒక బటన్ నొక్కావు. బండి మళ్లీ తొంభైకి ఎగబాకింది. వెనక నుంచి నాయనమ్మ, "ఏందే ఇది, పూనకం వచ్చినట్టు పోతంది" అంటే ముగ్గురూ నవ్వారు. తర్వాత రెండుసార్లు ఆయన బ్రేకు తొక్కడం, నువ్వు బటన్ నొక్కడం. ఆటలాగా.

చినుకులు మొదలైనాయి. చక్రాలు పట్టు తప్పుతున్నట్టు ఆయన చేతికి తెలిసింది. "ఇంక చాలమ్మా, నేనే నడుపుతా" అని బ్రేకు తొక్కి యాభైకి తెచ్చాడు. బండి నెమ్మదయింది కదా అని, అలవాటు కొద్దీ, బ్రేకు వదిలి కాలు మళ్లీ పైకి మడిచాడు. దుక్కిలో చాలు మారేటప్పుడు అలాగే చేస్తాడు. నువ్వు, "ఇంకెంతసేపు పాకుతావు బాబాయ్" అని మళ్లీ నొక్కావు.

ఆ బటన్‌కి పాత వేగం గుర్తుంటుంది లహరీ. రోడ్డు తడిసిందని దానికి తెలియదు. ముందు పత్తి ట్రాక్టరు ఉందని తెలియదు. తొంభై అని ఒకసారి చెబితే తొంభై దాకా పోతుంది. అబ్బా ఎడమకాలు క్లచ్ కోసం వెతికింది. కుడికాలు దిగేలోపు అయిపోయింది.

ఆపడానికి కూడా నువ్వే చెయ్యి చాపావట. "పాపం, ఏ బటనో లహరమ్మకి గుర్తుకు రాలేదు. బెదిరిపోయింది" అన్నాడు. స్టీరింగులోని గుడ్డ సంచి పేలి నీ చెయ్యి కాలింది అందుకే. నిద్రపోతున్నదాని కుడిచెయ్యి స్టీరింగు మీద ఉండదు.

కోర్టులో చెబుదామన్నాను. నా మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి పెంచాడు. "స్టీరింగు ముందు కూర్చుంది నేను. పైకి పెట్టింది నా కాలు. ఆ పిల్లని బోనెక్కించి నేను బయటపడాలా? ముసలామె నా బండిలో పోయింది. ఇంకోసారి ఈ మాట ఎత్తావంటే చూడు" అన్నాడు.

ఆయన తప్పు లేదని నేను అనడం లేదు. సీట్లో కాలు మడుచుకుని కూర్చున్నవాడి తప్పు ఎక్కడికీ పోదు. కానీ నిద్రపోయాడన్న మాటతో ఆయనను జైలుకి పంపకు. ఒక్కసారి వచ్చి, నిద్రపోలేదు, వాన వచ్చిందని నెమ్మది చేశాడు, మళ్లీ వేగం పెంచిన బటన్ నొక్కింది నేను అని చెప్పు. శిక్ష సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను అలీ సాహెబ్‌కి అంతా చెప్పేశాను. సాక్షుల్లో నీ పేరు ఉంది. వాయిదాకి సమను వస్తుంది. రా లహరీ. నేను గేటు దగ్గరే నిలబడి ఉంటాను. నువ్వు నన్ను చూసి లోపలికి పోయినా సరే.

సాదియా.


నరసరావుపేట,
జూలై 3.

లహరీ,

ఏప్రిల్లో రాసిన దానికి నీ జవాబు రాలేదు. ఇక అవసరం కూడా లేదు. తెలియాలని రాస్తున్నాను.

నిన్న కోర్టులో అబ్బా మీద నేరం చదివి వినిపించే రోజు. తర్వాత వాయిదాకి నిన్ను బోనెక్కించి ఏమేమి అడగాలో అలీ సాహెబ్ వరండాలో మాకు చెబుతున్నారు. అబ్బా కర్ర మీద ఆనుకుని అంతా విన్నాడు. టీ కూడా తాగాడు.

లోపల మేజిస్ట్రేటు గారు చదివి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. అలీ సాహెబ్ లేచేలోపే అబ్బా, "ఒప్పుకుంటన్నానమ్మా" అన్నాడు. వకీలుతో మాట్లాడుకుని చెప్పమని ఆమె టైము ఇచ్చారు. మధ్యాహ్నం మళ్లీ పిలిచారు. మళ్లీ అదే మాట.

ఆమె అడిగారు, "నిద్రపోయావా?"

"లేదమ్మా. మెలకువగానే ఉన్నా."

"మరి బ్రేకు ఎందుకు వేయలేదు?"

"కాలు అందలా."

ఎందుకు అందలేదని ఆమె అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. రాసుకున్నారు.

ఆరు నెలలు. లైసెన్సు రద్దు. బయటికి తీసుకెళుతుంటే ఆయన నాతో అన్నది ఒకటే: "ఇప్పుడు ఆ పిల్లని పిలవరు గదా?"

పిలవరు. నువ్వు నిశ్చింతగా ఉండు. నేను చదువుకున్నాను కాబట్టి నిజం కనుక్కుని వకీలు చేతికి ఇచ్చాను. దాన్ని విన్నందుకే ఆయన ఒప్పుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే కేసు నాలుగేళ్లు నడిచేది, ఈలోగా ఆయన ఇంట్లో ఉండేవాడు. అమ్మీ ఆ మాట అనడం లేదు గానీ అన్నం పెట్టేటప్పుడు నా ముఖం చూడటం లేదు.

సాదియా.


బెంగళూరు,
ఆగస్టు 20.

నా సాదియాకి,

ఇన్నాళ్లూ రాయలేదని కోపంగా ఉందని తెలుసు. నాన్న చెప్పారు, అంతా అయిపోయిందని. బాబాయ్ ఎంత పెద్ద మనసు చూపించాడో తలుచుకుంటే కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆయన కోసం పూజ కూడా చేయించాను. ఇక మనం ఆ విషయం మర్చిపోయి ముందులాగా ఉందామే. నాకు నువ్వు కాక ఎవరున్నారు?

బాబాయ్ బయటికి రాగానే మళ్లీ మా దగ్గరే పనికి పెట్టుకుంటానని నాన్న అంటున్నారు. కారు కాదులే, ట్రాక్టరు. పొలంలో లైసెన్సు ఎవరూ అడగరు కదా.

నాకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థం దసరాకి. అతను ఇక్కడే ఉద్యోగం, కొత్త కారు తీసుకున్నాడు. శనివారాలు నన్నే నడపమంటాడు. సాదియా, దాని స్టీరింగు మీద కూడా అవే బటన్లు ఉన్నాయి. బొటనవేలు అటు పోతే చాలు, చెమటలు పడుతున్నాయి. అతనికి చెప్పలేను కదా. వాటిని పూర్తిగా తీసేయించే దారి ఏమైనా ఉందా? తీయకపోతే ఎలా వాడితే భయం ఉండదు? ఇవన్నీ నీ అంత బాగా చెప్పేవాళ్లు నాకు తెలియదు. ఆ రోజు సరిగ్గా వినలేదు. ఈసారి వింటాను.

నీ లహరి.


నరసరావుపేట,
సెప్టెంబరు 4.

లహరి గారికి,

మీ ఉత్తరం అందింది. నిశ్చితార్థానికి శుభాకాంక్షలు.

మీరు అడిగిన విషయం. ఆ బటన్లు తీయించకండి, స్టీరింగులోని మిగతా పరికరాలు దెబ్బతింటాయి. క్రూయిజ్ కంట్రోల్ దానంతటది మొదలు కాదు. ముందు దాని మెయిన్ స్విచ్ వేసి, తర్వాత వేగం పెట్టాలి. స్విచ్ వేయకుండా వదిలేస్తే బొటనవేలు తగిలినా ఏమీ కాదు.

వాడాలనుకుంటే పొడి రోడ్డు మీద, వంపులు లేని చోట, ముందు వాహనాలు లేనప్పుడు మాత్రమే వాడండి. వానలో వాడకండి. చినుకులు పడుతున్నా వాడకండి. ఊళ్ల మధ్య, పశువులు తిరిగే చోట, పంటలు తోలే రోజుల్లో సాయంత్రాలు వాడకండి. కొన్ని కొత్త కార్లు ముందున్న బండిని చూసి నెమ్మదిస్తాయి. మీ నాన్నగారి కారుకి ఆ సదుపాయం లేదు. మీరు నడిపేదానికి ఉందో లేదో కనుక్కోండి. ఉన్నా దాన్నే నమ్ముకోకండి.

రెండు చేతులూ స్టీరింగు మీద, కుడికాలు నేల మీద బ్రేకు పక్కనే ఉండాలి. నొప్పిగా ఉంటే బండి పక్కన ఆపుకుని దిగి నాలుగడుగులు నడవండి, కాలు పైకి పెట్టుకోకండి. బ్రేకు తొక్కగానే క్రూయిజ్ ఆగుతుంది కానీ పాత వేగాన్ని మర్చిపోదు. తిరిగి కొనసాగించే బటన్ నొక్కితే ఆ వేగానికే పోతుంది. అందుకని పని అయిపోగానే మెయిన్ స్విచ్ ఆపేయండి. అప్పుడు అది మర్చిపోతుంది.

మీ నాన్నగారికి చెప్పండి, మా నాన్న మళ్లీ ట్రాక్టరు ఎక్కడు. మొన్న ములాఖత్‌లో నేను అడగలేదు, ఆయనే అన్నాడు. కూర్చున్నప్పుడల్లా కుడికాలు దానంతటదే పైకి వస్తోందట. చేత్తో కిందికి దించుకుంటున్నాడు.

ఇంకొక్క జాగ్రత్త. స్టీరింగు మీది బటన్లను నడిపే మనిషి తప్ప పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నొక్కకూడదు. ఇది కంపెనీ ఇచ్చే పుస్తకంలో లేదు. రాయనక్కర లేదనుకుని ఉంటారు.

ఇట్లు,
షేక్ సాదియా,
డెలివరీ విభాగం.